షార్ట్‌వేవ్ రేడియో కొనేవారు ముందు వినవలసింది తమ ఇంటిని

షార్ట్‌వేవ్ రేడియో కొనదలచిన మిత్రులు నన్ను మొట్టమొదట అడిగేది, "ఎన్ని బ్యాండ్లున్నది తీసుకోమంటారు?" అని. నేనూ నా తొలి రేడియోను పెట్టె మీద అచ్చేసిన 12 బ్యాండ్లను చూసే కొన్నాను. దాని స్కేలు మీద ముల్లును వెంట్రుకవాసి జరిపితే చాలు, ఒక స్టేషన్ పోయి మరొకటి వచ్చేది. అంతకన్నా విసిగించినది మరొకటి ఉంది: అమెరికాలోని డబ్ల్యూడబ్ల్యూవీ, చైనాలోని బీపీఎం వంటి కాలప్రమాణ స్టేషన్లు 10,000 కిలోహెర్ట్జ్ మీద సెకనుకొకటి చొప్పున పంపే టిక్కులు, 9,090 ప్రాంతంలో కూడా దొంగచాటుగా వినిపించేవి. లోపలికి వచ్చిన సంకేతాన్ని ఒక్కసారే 455 కిలోహెర్ట్జ్‌కు దించే చవక రేడియోలలో, దానికి రెట్టింపు దూరంలో, అంటే 910 కిలోహెర్ట్జ్ ఎడంలో ఉన్న స్టేషన్ కూడా ఇలా చొరబడుతుంది. రెండు దశల్లో మార్పిడి చేసేవాటిలోను, సంకేతాన్ని అంకెలుగా మార్చి లెక్కగట్టే డీఎస్పీ చిప్‌తో పనిచేసేవాటిలోను ఈ బెడద చాలావరకు ఉండదు కనుక, బ్యాండ్ల లెక్క కంటే ముందు కనుక్కోవలసిన సంగతి ఇదేనని నా అభిప్రాయం.

ఆ తరువాత చూడవలసింది రేడియోను కాదు, ఇంటిని. ఎల్‌ఈడీ బల్బులు, ఫోన్ ఛార్జర్లు, వైఫై రౌటర్లు, టీవీలు షార్ట్‌వేవ్ మీద వెదజల్లే బుసబుసలో బలహీనమైన స్టేషన్లు మునిగిపోతాయి. ఎంత ఖరీదైన రేడియో కొన్నా అది ఆ రొదను కూడా అంతే శ్రద్ధగా వినిపిస్తుంది. ఎవరి దగ్గరైనా ఒక రేడియో అరువు తెచ్చుకుని, బ్యాటరీ మీద నడుపుతూ, స్కేలు మీద స్టేషన్ లేని చోట ఉంచి, ఇంట్లో ఒక్కొక్క స్విచ్చూ కట్టేస్తూ వెళ్ళండి. మా ఇంట్లో అసలు దోషి బల్లదీపం అడాప్టరు. దీపం ఆర్పి ఉన్నా సరే, అది ప్లగ్గులో ఉన్నంతసేపూ రొద పోయేది కాదు. రొద తగ్గని ఇళ్ళవారు, కిటికీ బయటికి నాలుగైదు మీటర్ల తీగ వేసి తగిలించేందుకు యాంటెన్నా జాక్ ఉన్న రేడియోనే ఎంచుకోవాలి. పొడవైన తీగ తగిలిస్తే చిన్న రేడియో ఉక్కిరిబిక్కిరి అవుతుంది గనుక, సంకేతాల జోరు తగ్గించే లోకల్, దూరపు స్టేషన్ల కోసం పూర్తిగా వదిలే డీఎక్స్ అని రాసి ఉండే స్విచ్చు కూడా ఉంటే మేలు.

అంకెల మీటలు తప్పనిసరి. 9,740 వినాలంటే ఆ నాలుగంకెలూ నొక్కితే సరిపోవాలి. పక్క స్టేషన్ 5 కిలోహెర్ట్జ్ దూరంలోనే ఉండి గోల చేసే రాత్రివేళల్లో, పక్క సంకేతాలను ఆపే ఫిల్టరు వెడల్పు తగ్గించుకునే వీలు కూడా అంతే అవసరం. ఎస్‌ఎస్‌బీ, అంటే ప్రసారానికి రెండు వైపులా ఉండే సైడ్‌బ్యాండ్లలో ఒక్కదాన్నే వినే పద్ధతి, హ్యామ్‌లకే, అంటే ఔత్సాహిక రేడియోవారికే కదా అని చాలామంది వదిలేస్తారు, నేను ఒప్పుకోను. ప్రసారం తగ్గుతూ పెరుగుతూ, మాట ముక్కుతో పలికినట్టు చెడిపోతున్నప్పుడు, ఎస్‌ఎస్‌బీ పెట్టి, సన్నటి ఈల కిందికి దిగి దిగి మాయమయ్యే వరకు నెమ్మదిగా తిప్పి చూడండి. గొంతు చాలాసార్లు కుదుటపడుతుంది. పక్క స్టేషన్ ఏ వైపున ఉందో చూసుకుని, రెండో వైపు సైడ్‌బ్యాండ్‌ను ఎంచుకోవచ్చు.

ప్రయాణానికి వెళ్తే చూపు మారుతుంది. సంచిలో దానంతటదే మోగకుండా మీటలను బిగించే లాక్ ఉండాలి. అమెరికా ఖండాల్లో మీడియంవేవ్ స్టేషన్లు 10 కిలోహెర్ట్జ్ ఎడంతోను, మిగతా ప్రపంచంలో 9 ఎడంతోను ఉంటాయి కాబట్టి, ట్యూనింగ్‌లో ఒక్కో అడుగు ఎంతన్నది మార్చుకునే వీలు కూడా చూసుకోవాలి. విడి లిథియం బ్యాటరీలను విమానంలో చేతిసంచిలోనే ఉంచాలన్న నియమాన్ని మరవకూడదు. రేడియోలలో టెక్‌సన్ పీఎల్-330 చిన్నది, బీఎల్-5సీ రకం లిథియం బ్యాటరీతో నడుస్తుంది. ఎక్స్‌హెచ్‌డేటా డీ-808, టెక్‌సన్ పీఎల్-880 రెండింటికీ 18650 రకం లిథియం సెల్ సరిపోతుంది. ఇంట్లో బల్ల మీద ఉంచుకోవడానికి నాకు పీఎల్-880 స్పీకరే ఇష్టం. కానీ ఒక్కటే కొనమంటే పీఎల్-330 వైపే మొగ్గుతాను: దాన్ని పట్టుకుని రొద తక్కువగా ఉన్న కిటికీ దగ్గరికి, డాబా మీదికి నడిచి వెళ్ళగలను, పెద్దది మాత్రం బల్ల వదిలి కదలదు.