నా రీచార్జ్ అంతా ఓట్లకే పోయింది

పొద్దున్నే పిన్ని ఫోన్. "ఒరేయ్, మా పక్కింటి పాప టీవీ పోటీలో పాడుతోంది, యాప్ దించుకుని రోజూ ఓటెయ్యి." బాగా పాడుతుందా అనడిగితే "పాటదేముందిరా, ముందు ఓటెయ్యి" అంది.

నవ్వొచ్చింది. కానీ 2006లో నేను చేసిందీ అదే కదా. ఇండియన్ ఐడల్ రెండో సీజన్ ఫైనల్లో మన హైదరాబాద్ కారుణ్య ఉన్నాడని హాస్టల్లో చందాలేసుకుని మరీ ఎస్సెమ్మెస్‌లు కొట్టాం. మామూలు మెసేజ్ కాదు, ఒక్కోదానికీ ఎక్కువే కోసేవాళ్లు. నా బ్యాలెన్స్ ఆ రాత్రే ఊడ్చుకుపోయింది. గెలిచింది బికనీర్ సందీప్ ఆచార్య. "మోసం!" అని అరిచాం. అవతలివాళ్లూ మాలాగే ఎగబడ్డారని అప్పుడు తట్టలేదు. మరుసటేడు అదే పోటీలో పాడిన డార్జిలింగ్ కుర్రాడు ప్రశాంత్ తమాంగ్ కోసం అక్కడి కొండలన్నీ కదిలాయి, ఆ ఊపు రాజకీయాల్లోకీ పాకింది. 2010లో మన శ్రీరామచంద్ర గెలిచినప్పుడు మాత్రం ఓటింగ్ పద్ధతి భలే న్యాయంగా కనిపించింది నాకు!

ఆ ఎస్సెమ్మెస్ డబ్బుల్లో ఫోన్ కంపెనీకీ ఛానల్‌కీ వాటా ఉండేది. మనం ఎంత కొట్టుకుంటే వాళ్లకంత. ఇప్పుడు ఓటు ఉచితమే, కాకపోతే నంబరిచ్చి లాగిన్ అవ్వాలి, మధ్యలో స్పాన్సర్ యాడ్ చూడాలి. జనం ఓట్లు ఎన్ని పడ్డాయో లెక్క మాత్రం మనకి చూపించరు, అదీ నా బాధ. అదే పాడుతా తీయగాలో అయితే బాలుగారు శ్రుతి తప్పితే తప్పిందని మొహమ్మీదే, మెత్తగా చెప్పేవారు.

పిన్నికి ఓటేశాననే చెప్పాను. యాప్ ఇంకా దించలేదు.