గుర్రానికి చెప్పుకున్న గోడు

ముసలితనం మీద మన కథలు చాలావరకు ఒకే దారిన పోతాయి. కొడుకు అమెరికాలో, తల్లిదండ్రులు ఆశ్రమంలో, చివర కన్నీళ్లు. తప్పెవరిదో మొదటి పేజీలోనే తేలిపోతే ఇక చదివేవాడికి పనేముంది?

విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లో దొరికిన రష్యన్ రచయిత చెహోవ్ కథ ఒకటి మా పెదనాన్నకి చదివి వినిపించాను. 1886 నాటిది. కొడుకు పోయి వారం కూడా కాని బండివాడు అయోనా, బండెక్కినవాళ్లకల్లా ఆ మాట చెప్పబోతాడు. ఎవరి తొందర వాళ్లది. ఆఖరికి గడ్డి నములుతున్న గుర్రానికి చెప్పుకుంటాడు. రాసినాయనకి అప్పుడు 26 ఏళ్లు. ఆ వయసుకి ఎలా పట్టుకున్నాడో!

పెదనాన్న ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. సత్యనారాయణపురంలో ఒక్కరే ఉంటారు. అంతా విని, కళ్లజోడు లుంగీ అంచుతో తుడుచుకుంటూ, “ఆ రోజు కలెక్షన్ ఎంతొచ్చిందిరా వాడికి?” అన్నారు.

గుర్రానికి ఓట్స్ దాణా కొనడానికీ చాల్లేదు, గడ్డితోనే సరిపెట్టాడన్నాను.

“మరి! మనసు బాగోనప్పుడు బండెక్కితే అంతే.” పెద్దమ్మ పెద్దకర్మ అయిన మర్నాడే హైదరాబాద్ నైట్ సర్వీస్ ఎక్కారట. సూర్యాపేటలో టీకి ఆపితే దిగబుద్ధి కాలేదట. ఈ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలీదు.

ఇంకో కథ తెమ్మన్నారు. బండివాళ్లవి వద్దట, వంటవాళ్లవి ఏమన్నా ఉంటే చూడమన్నారు.