పైకెత్తే రిలే మార్చినా ఇంజన్ లేవలేదు

మైలవరం రిజర్వాయర్‌లో బోటు నడుపుతాను. ఎండాకాలం నీళ్లు తగ్గితే ఒడ్డు దగ్గర ప్రొపెల్లర్ రాళ్లకు తగులుతుంది. అందుకే ఒడ్డుకు రాగానే బటన్ నొక్కి, బోటు వెనక తగిలించిన ఇంజన్‌ను పైకెత్తాలి. బటన్ నొక్కితే మోటారుకు కరెంటు కలిపే స్విచ్చే రిలే, ఎత్తడానికొకటి, దించడానికొకటి ఉంటాయి. పోయిన ఆదివారం నొక్కితే రిలే టక్కుమంది గానీ ఇంజన్ లేవలేదు. దించే బటన్ మాత్రం బాగానే పనిచేస్తోంది. బ్రాకెట్ పక్కనుండే స్క్రూ వదులు చేసి, ఇద్దరం చేతులతో ఎత్తి లాక్ వేశాం.

బ్యాటరీ 12.6 వోల్టులు, ఫ్యూజు బాగుంది. ఎత్తే రిలే 400 పెట్టి కొత్తది తెచ్చి వేశాను. మళ్లీ అదే టక్కు, అంతే.

ఇంజన్‌ను ఎత్తి దించే మోటారుకు నీలం, ఆకుపచ్చ అని రెండు వైర్లు. మీటరు ఒక మొన బ్యాటరీ నెగటివ్‌కు పెట్టి, బటన్ నొక్కి నీలం వైరు చూస్తే 12 వోల్టులు. కరెంటు వస్తున్నా తిరగడం లేదంటే మోటారే పోయిందనుకుని, విప్పి ప్రొద్దుటూరు తీసుకుపోయాను. అక్కడ ఒక వైండింగ్ షాపాయన దాన్ని వాసన చూసి, "కాలిపోయింది, 9,000 అవుతుంది" అన్నాడు.

"అన్నా, దించేటప్పుడు తిరుగుతోంది కదా" అన్నాను.

"బోటు తోలేవానికి మీటరెందుకబ్బీ? మోటారు సంగతి నాకు చెప్తావా?" అన్నాడు, పదిమంది ముందర.

తల కొట్టేసినట్టయింది. 11 ఏళ్లుగా నడుపుతున్నాను, ఒక్కరోజు కూడా జనాన్ని నీళ్ల మధ్యలో నిలబెట్టలేదు. మోటారు తీసుకుని వచ్చేశాను. మీ ఎదుట బ్యాటరీకి తగిలించి చూడకుండా కాలిపోయిందని చెప్పే షాపులో వస్తువు ఒక్క నిమిషం కూడా ఉంచొద్దు. ఇంటికొచ్చి నేనే తగిలించాను. వైర్లు అటూ ఇటూ మార్చి చూసినా రెండు వైపులా గిర్రున తిరిగింది!

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారి మోటారు బిగించి, ఎత్తే బటన్ నొక్కి ఆకుపచ్చ వైరు కూడా చూశాను. అక్కడా 12 వోల్టులే. అది నెగటివ్‌లో ఉండాల్సిన వైరు. అప్పుడు అర్థమైంది. ఈ మోటారుకు విడిగా ఎర్త్ లేదు. బటన్ నొక్కనప్పుడు రిలేలు రెండూ తమ వైర్లను నెగటివ్‌కు కలిపి ఉంచుతాయి. ఎత్తేటప్పుడు ఒక రిలే నీలం వైరుకు పాజిటివ్ ఇస్తే, కరెంటు మోటారులోంచి ఆకుపచ్చలోకి వచ్చి, కదలకుండా ఉన్న దించే రిలే గుండానే నెగటివ్‌కు చేరాలి. ఆ రిలేలో ఆ కాంటాక్టే మాడిపోయింది. దించేటప్పుడు దానితో పనిలేదు కాబట్టి దించడం ఆగలేదు.

రిలేలు రెండూ ఒకే రకమైతే ముందు వాటిని ఒకదాని చోట ఒకటి పెట్టి చూడండి. తప్పు దించే వైపుకు మారితే దొంగ దొరికినట్టే. మీటరు మొనలు రెండూ మోటారు వైర్ల మీదే పెట్టండి, బ్యాటరీ నెగటివ్‌ను నమ్ముకుంటే నాలాగే తప్పుదారి పడతారు.

కొత్త రిలేను దించేదాని చోట పెట్టి, పాత ఎత్తే రిలేను మళ్లీ దాని చోటికే తెచ్చాను. బటన్ నొక్కితే ఇంజన్ నీళ్లు కారుస్తూ పైకి లేచింది. సాయంగా ఉండే పిల్లవాడు కేక పెట్టాడు. మధ్యాహ్నం ట్రిప్పుకు వెళ్లిపోయాం.