బ్రన్స్‌విక్ స్క్వేర్, 13వ నంబరు ఇల్లు

ఇంగ్లండ్ దక్షిణ తీరంలో, బ్రైటన్‌ను ఆనుకుని ఉన్న హోవ్‌లో ఈ ఇంటిని చూసి వచ్చాను. మనసు ఇంకా అక్కడే తిరుగుతోంది.

1820లలో వాస్తుశిల్పి చార్లెస్ బజ్బీ ఈ చౌకు ఇళ్లకు రూపమిచ్చాడు. ఒకదానికొకటి ఆనుకున్న ఇళ్లు, మీగడ రంగు పూత, విల్లులా ముందుకు వంగిన ముఖభాగాలు. ఆ వంపులో నిలబడితే పక్క నుంచి కూడా సముద్రం కనిపిస్తుంది. ఎంత చక్కటి ఆలోచన!

గోడ దగ్గరికి వెళితే రాళ్లు పేర్చినట్టు సన్నటి గీతలు. నిజానికి అదంతా గార. ఆ కాలపు బ్రైటన్ ఇళ్లు చాలావాటిలో గార వెనుక ఉండేది చెకుముకి రాళ్లు, విరిగిన ఇటుకలు, గులకరాళ్లు సున్నంలో కలిపి పోసిన గోడ. స్థానికులు దాన్ని బంగరూష్ అంటారు. నీరు దిగితే అది నిలవదు. అందుకే పైపూతను అంత శ్రద్ధగా కాపాడుకోవాలి.

ఇంట్లో ఎవరి స్థానం ఏమిటో కిటికీలే చెబుతాయి. మొదటి అంతస్తులో అతిథుల కోసం నిలువెత్తు కిటికీలు, ఇనుప బాల్కనీ. పైకి వెళ్లేకొద్దీ అవి కురచవుతాయి. పనివాళ్లు పడుకునేది అటకలో, వంట చేసేది వీధి మట్టానికి దిగువన. అంత అందాన్ని మోసిన ఆ మనుషుల గురించే నాకు ఎక్కువ తెలుసుకోవాలనిపించింది.

అటు వెళ్లేవాళ్లు అతిథుల గది మాత్రమే చూసి వచ్చేయవద్దు. అదే చౌకులోని 10వ నంబరు ఇంటి నేలమాళిగలో పనివాళ్ల గదులు ఉన్నాయి, అవి కూడా అడిగి చూడండి.