శిక్ష చాలలేదని అప్పీలు వేయించాలంటే (శ్రీకాకుళం జిల్లా, నా అనుభవం)

మా బావ మీద కత్తితో దాడి, చేతి ఎముక విరిగింది. ఐపీసీ 326 (ప్రమాదకరమైన ఆయుధంతో తీవ్ర గాయం చేయడం) రుజువైంది. జిల్లాలోని ఒక మేజిస్ట్రేటు కోర్టు వేసిన శిక్ష మాత్రం సాయంత్రం కోర్టు లేచేదాకా నిలబడటం, కొంత జరిమానా. 326లో కనీస శిక్ష లేదు గనక ఇది చట్టవిరుద్ధమనలేం, చాలదనే అనగలం. 2024 జులై 1 నుంచి జరిగిన దాడులకు ఐపీసీ బదులు వచ్చిన బీఎన్‌ఎస్ 118(2) ఉంది, అందులో కనీసం ఏడాది జైలు. మాది అంతకు ముందటి కేసు.

బాధితుడే అప్పీలు వేసుకోవచ్చని చాలామంది చెబుతారు. నిందితుణ్ణి వదిలేసినా, చిన్న సెక్షన్‌కి దించినా, పరిహారం తగ్గినా వేయొచ్చు. శిక్ష తగ్గిందని మాత్రం కుదరదు. 2020లో పర్విందర్ కన్సల్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చేసింది. ఆ హక్కు ప్రభుత్వానిది: నేర విచారణ పద్ధతి చట్టంలో, పాత సీఆర్‌పీసీ 377, ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 418. మేజిస్ట్రేటు తీర్పు మీద సెషన్స్ కోర్టుకు 30 రోజులు, సెషన్స్ తీర్పు మీద హైకోర్టుకు 60 రోజులు గడువు.

అందుకే తీర్పు రోజే సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టాలి. కాపీ తయారీకి పట్టిన రోజులు గడువులో లెక్కకు రావు. సిద్ధమయ్యాక మనం తీసుకోకుండా వదిలేసిన రోజులు మాత్రం వస్తాయి. ఈ తేదీలన్నీ కాపీ మీదే వేస్తారు, చూసుకోండి.

తర్వాత ఏపీపీకి (మేజిస్ట్రేటు కోర్టులో ప్రభుత్వం తరఫు లాయరు) వినతిపత్రం, ఎస్పీకి ఒక ప్రతి, ప్రాసిక్యూషన్ డైరెక్టరేట్‌కి ఒక ప్రతి. అందులో మన బాధ రాస్తే ఎవరూ చదవరు. తీర్పు చివర శిక్ష గురించి రాసిన పేరాలో జడ్జి చూపిన కారణాలు ఉంటాయి: మొదటి నేరం, పిల్లలున్నారు, కేసు ఏళ్లు నడిచింది. ఒక్కోదానికీ ఎదురుగా గాయాల సర్టిఫికెట్, ఎక్స్‌రే, డాక్టరు సాక్ష్యం, కత్తి, దాడికి ముందే కాపు కాసిన తీరు, ఎగ్జిబిట్ నంబర్లతో (సాక్ష్యాలకు కోర్టు వేసిన నంబర్లు) సహా పెట్టాలి. నేర తీవ్రత, నేరస్తుడి పరిస్థితి, అలాంటి కేసుల్లో పడ్డ శిక్ష, మూడూ చూడాలని 2019లో ఉధం కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మా ఏపీపీ అభిప్రాయం రాసింది ఆ వరసలోనే.

ఫైలు బల్లలు మారేసరికి గడువు దాటింది. పీపీ (సెషన్స్ కోర్టులో ప్రభుత్వం తరఫు లాయరు) ఆలస్యం మన్నించమనే పిటిషన్ జత చేసి వేశారు. ఇది మామూలే, కానీ ఏ రోజు ఎక్కడ ఆగిందో చెప్పలేకపోతే అక్కడే కొట్టేస్తారు.

రెండు సంగతులు ముందే తెలియాలి. నోటీసు అందుకున్న నిందితుడు అదే అప్పీలులో తనను పూర్తిగా వదిలేయమని వాదించవచ్చు, సాక్ష్యం మొత్తం మళ్లీ తిరగేస్తారు. సాక్షులు అడ్డం తిరిగిన కేసైతే పది సార్లు ఆలోచించాలి. ఇక 326కి పదేళ్లు, యావజ్జీవం అన్న ఆశ వద్దు: మేజిస్ట్రేటు వేయగలిగిన మూడేళ్లకు మించి అప్పీలు కోర్టూ వేయలేదు.

నిందితుడు అప్పీలుకు వెళ్తాడు, అక్కడ జడ్జే పెంచుతారని కొందరు ఆగుతారు. అతను వేసిన అప్పీలులో శిక్ష పెంచడానికి వీల్లేదు. ప్రభుత్వం కదలకపోతే బాధితుడికి మిగిలేది రివిజన్ (కింది కోర్టు తీర్పు సరిగ్గా ఉందో లేదో చూడమని పై కోర్టును కోరడం), దానికి 90 రోజులు. లాయరు ఫీజు కష్టమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి, ఆడవాళ్లకూ ఎస్సీ, ఎస్టీలకూ ఆదాయంతో పనిలేదు.