నీలం కాని బ్లూ మూన్

‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ అనే మాట నేను తెగ వాడతాను. సినిమాకి వెళ్తావా, వ్యాయామం చేస్తావా, ఎవరేం అడిగినా అదే జవాబు. అమావాస్యకో పున్నానికో అన్నమాట.

2023 ఆగస్టు చివర్లో నిజం బ్లూ మూన్ వస్తోందంటే పనిగట్టుకుని మేడెక్కాను. చూస్తే మామూలు చందమామే! తెల్లగా, నిండుగా ఉన్నాడు, నీలం జాడే లేదు. పున్నమికీ పున్నమికీ మధ్య దాదాపు 29.5 రోజులు కాబట్టి ఎప్పుడో ఒకసారి ఒకే నెలలో రెండు పడతాయి. ఆ రెండోదానికే ఈ పేరు. సుమారు రెండున్నరేళ్లకోసారి వస్తుంది. 2018లో మాత్రం జనవరిలోనూ వచ్చింది, మార్చిలోనూ వచ్చింది. మధ్యలో ఫిబ్రవరికి అసలు పున్నమే లేదు, పాపం!

చంద్రుడు నిజంగా నీలంగా కనబడాలంటే గాలిలో తగిన సైజు పొగ రేణువులో బూడిద రేణువులో ఉండాలి. 1883లో క్రాకటోవా అగ్నిపర్వతం పేలాక అలాగే కనిపించాడు.

అన్నట్టు, ఈ మాట అసలే జరగనివాటికి వాడేది కాదు. ఎంత అరుదుగానైనా జరగాలి. నెలనెలా కలుస్తూ కూడా ‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్ కలుస్తాం’ అనేవాళ్లను చూస్తే మాత్రం నాకు నవ్వాగదు.