అన్ని బండ్లకూ సెట్టయ్యే వైపర్ బ్లేడు

పడుకున్నా ఒకటే మాట చెవిలో తిరుగుతోంది, అందుకే లేచి రాస్తున్నా. "యూనివర్సల్ అన్నా, ఏ బండికైనా సెట్టవుద్ది." కారుకు వైపర్ బ్లేడ్లు అడిగితే ట్రంకు రోడ్డులో స్పేరుపార్టుల అంగడి కుర్రాడు అన్న మాట. ఏ అంగడో చెప్పను, పక్క అంగడికి పోయినా అదే పాట. నాన్న బండి ఏడాదంతా ఎండలోనే పడుంటుంది. రేపు తెల్లవారకముందే చెన్నై ప్రయాణం, మబ్బు చూస్తే గూడూరు దాటేలోపే అందుకునేట్టుంది. రెండు రబ్బరు ముక్కల మీద ఇంత రాద్ధాంతం ఏందని ఇంట్లో ఇప్పటికే ఒక చివాటు అయింది.

అన్ని బండ్లకూ సెట్టయ్యే బ్లేడంటూ ఏదీ లేదు. ఉన్నదల్లా అడాప్టర్ల సంచి. ఆ ప్యాకెట్టు విప్పితే బ్లేడుతో పాటు దాన్ని వైపర్ చేతికి తగిలించే నాలుగైదు ప్లాస్టిక్ ముక్కలు రాలతాయి, మన బండికి పనికొచ్చేది వాటిలో ఒకటి ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఇక్కడ తిరిగే కార్లలో చాలావాటికి వైపర్ చెయ్యి చివర గొడుగు పిడిలాగా వంపు తిరిగుంటుంది, హుక్కు అంటారు. అందులోనూ రెండు కొలతలు. 9 మిల్లీమీటర్ల వెడల్పు, 3 మందం ఒకటి. వెడల్పు అంతే ఉండి మందం 4 ఉండేది ఇంకోటి. 4కు చేసిన ముక్కలో 3 హుక్కు దూరుతుంది. బ్రహ్మాండంగా దూరుతుంది. "చూడన్నా, సెట్టయింది" అంటాడు కూడా. కానీ లోపల ఒక మిల్లీమీటరు ఖాళీ. బ్లేడు అటు చివరికి పోయి తిరిగినప్పుడు టక్, ఇటొచ్చి తిరిగినప్పుడు టక్. సూళ్ళూరుపేట దాటేసరికి ఎవరికైనా పిచ్చెక్కాల్సిందే. కొన్ని కార్లకు హుక్కే ఉండదు, పక్కనుంచి దూరే పిన్నో, నొక్కితే వదిలే బటనో ఉంటుంది. అంగడికి పోయేటప్పుడు పాత బ్లేడు ఊడదీసి చేతిలో పెట్టుకుపోతే సగం వాదన అక్కడే తెగుతుంది.

మిగతా సగం కొలత. చాలా కార్లకు డ్రైవరు వైపు పెద్దది, ఎడమపక్క చిన్నది. టేపు పెట్టాల్సింది రబ్బరుకు, ఈ కొన నుంచి ఆ కొనకు. 16 అంగుళాలంటే సుమారు 400 మిల్లీమీటర్లు, 18 అంటే 450, 22 అంటే 550, 24 అంటే 600. "22 అయిపోయిందన్నా, 24 ఏస్కో, ఇంకా ఎక్కువ తుడుస్తుంది" అన్నాడు. ఎక్కడ తుడుస్తుంది సామీ? అద్దం అంచు దగ్గర వంపు తిరుగుతుంది, పొడుగు బ్లేడు కొన అక్కడ గాలిలోకి లేచి నీళ్ళను అట్టాగే వదిలేస్తుంది. లేకపోతే పక్క స్తంభం రబ్బరుకు తగులుతుంది, అదీ కాకపోతే రెండు బ్లేడ్లు మధ్యలో ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. ఎక్కువ రబ్బరును లాగే భారం మోటారు మీద, చేతుల్ని ఆడించే కడ్డీల బుష్షుల మీద పడుతుంది. గతిలేకపోతే ఒక అంగుళం పొట్టిది వేసుకోవచ్చు, అంచున సన్నటి పట్టీ తడిగా మిగులుతుంది, అంతే. పొడుగుది మాత్రం వద్దు.

ఈ మాటలన్నీ అక్కడే చెప్పి ఉండాల్సింది. ఇంటికొచ్చాకే నోరు లేస్తుంది.

అసలు బ్లేడు మొత్తం ఎందుకు మార్చాలి, రబ్బరొక్కటే మారిస్తే చాలదా అనేది మొదటి నుంచీ నా వాదన. ఇనుప ఫ్రేము బ్లేడుకు రబ్బరు విడిగా దొరుకుతుంది, చిన్న కార్లకు ఎక్కువగా 6 మిల్లీమీటర్ల వెడల్పుది. రబ్బరుకు రెండు పక్కలా సన్నటి స్టీలు పట్టీలుంటాయి. వాటిని పాత రబ్బరు నుంచి తీసి, ఏ వంపున ఉన్నవి ఆ వంపునే కొత్తదాంట్లోకి ఎక్కించాలి. తిరగేస్తే బ్లేడు మధ్యలో అద్దానికి ఆనదు. ఫ్రేము గోళ్ళలోంచి రబ్బరు దోపుకుంటూ పోతే చివరి గోరు రబ్బరు కొసన ఉన్న గుంటలో పడాలి. పడకపోతే వానలో రబ్బరు మెల్లగా జారిపోతుంది, ఇనుప గోరు అద్దాన్ని గీస్తుంది. అద్దం మీద అర్ధచంద్రాకారం గీత పడిందంటే ఇక జన్మలో పోదు.

వానా వైపరూ అనుకుంటే కందుకూరు బస్సు గుర్తొచ్చింది. రాత్రిపూట, కుండపోత, డ్రైవరు వైపు వైపర్ ఆగిపోయింది. ఆయన బండి పక్కకు తీసి, వెనక్కి తిరిగి "పొగాకు ఎవరి దగ్గరుంది?" అన్నాడు. ఆ దారిలో పొగాకు లేని బస్సు ఉంటుందా! పంచె మడతలోంచి ఒక పెద్దాయన కాడ తీసిచ్చాడు. డ్రైవరు దాన్ని తడిపి నలిపి, తువ్వాలు నెత్తిన వేసుకుని దిగి, అద్దమంతా రుద్దాడు. లోపల కూర్చున్న వాళ్ళకు గోధుమరంగు మరకలు కనపడ్డాయి, రెండు నిమిషాల్లో వాన కడిగేసింది. తర్వాత అద్దం మీద బొట్టు నిలవలేదు. నీళ్ళు బొట్లు కట్టకుండా పల్చటి పొరలాగా జారిపోయాయి. ఎదురొచ్చే లారీ లైటును చెదరగొట్టి కళ్ళు చీకట్లు చేసేది బొట్లే, పొర సాపుగా ఉంటే లైటు లైటులాగే కనపడుతుంది. ఆ పెద్దాయన మాత్రం దిగేదాకా కాడ పోయిందని గొణుగుతూనే ఉన్నాడు, కండక్టరు చుట్ట కొనిస్తానన్నా ఒప్పుకోలేదు.

ఇప్పుడు అద్దానికి పూయమని అమ్మే రెయిన్ రిపెల్లెంటు పని దీనికి తలకిందులు. బొట్లను ఇంకా గుండ్రంగా కట్టిస్తుంది, హైవే వేగంలో గాలికి అవి పైకి ఎగిరిపోతాయి. ఊళ్ళో మెల్లగా పోయేటప్పుడు అక్కడే కూర్చుంటాయి. అతుకులు అతుకులుగా పూస్తే బ్లేడు గడగడలాడుతుంది. పొగాకు రసమైనా అంతే, ఎండి జిగట మిగిలితే వైపర్ మసక పూస్తుంది. బ్లేడు బాగుంటే రెండూ అక్కర్లేదు.

రబ్బరొక్కటే చాలన్నాను కదా, రాస్తూ రాస్తూ అనుమానం పట్టుకుంది. మన రోడ్ల మీద ఎగిరే దుమ్ము ఉత్త దుమ్ము కాదు. చిల్లకూరు, కోట వైపు నుంచి సిలికా ఇసుక లారీలు, కృష్ణపట్నం నుంచి బొగ్గు లారీలు, చీమకుర్తి వైపు పోతే గ్రానైట్ పొడి. సిలికా గాజుకంటే గట్టిది. పొడి అద్దం మీద వైపర్ వేస్తే ఉప్పుకాగితంతో రుద్దినట్టే, ముందు నీళ్ళు కొట్టాలి. అదే ఇసుక, దానికి తోడు సముద్రపు గాలి ఉప్పు, ఫ్రేము కీళ్ళలోకీ చేరుతుంది. కీళ్ళు బిగుసుకుపోతే ఫ్రేము అద్దం వంపుకు తగ్గట్టు వంగదు. అప్పుడు ఎంత కొత్త రబ్బరైనా మధ్యలో జానెడు మేర తుడవదు. కాబట్టి ఫ్రేము చేత్తో పట్టుకుని ఆడించి చూడాలి. ప్రతి కీలూ తేలిగ్గా కదిలితే రబ్బరు చాలు, లేకపోతే బ్లేడు మొత్తం మార్చడమే. కీళ్ళే లేని ఫ్లాట్ బ్లేడు మనలాంటి చోటుకు నయమేమో అని కూడా అనిపిస్తోంది. కాకపోతే దాని వంపు మన అద్దం వంపుకు కుదరాలి, కుదరకపోతే రెండు కొనలూ లేస్తాయి.

కొత్తది వేసినా మరకలొస్తుంటే అంగడివాడిని తిట్టేముందు చూడాల్సినవి ఉన్నాయి. సన్నటి గీతలాగా ఒకేచోట తడి మిగిలితే రబ్బరు అంచు తెగింది, లేదా ఇసుక రేణువు ఇరుక్కుంది. పోయేటప్పుడు బాగుండి వచ్చేటప్పుడే గడగడలాడితే చెయ్యి మెలిక తిరిగింది. బ్లేడు తీసి చూస్తే హుక్కు అద్దానికి సమాంతరంగా ఉండదు. రెండు వైపులా గడగడలాడితే అద్దం మీద నూనె జిడ్డో, కార్ వాష్‌లో పూసిన మైనమో ఉంది. ప్లాస్టిక్ కవరు వేలికి తొడుక్కుని తడి అద్దం మీద రాస్తే గరుకు తెలిసిపోతుంది. బోరు నీళ్ళ తెల్లమచ్చలకు తెల్ల వెనిగరు, జిడ్డుకు స్పిరిటు. రబ్బరును తడిగుడ్డతో తుడిస్తే చాలు, పెట్రోలూ కిరసనాయిలూ తగలనీయొద్దు, ఉబ్బిపోతుంది. వాషర్ ట్యాంకులో బోరు నీళ్ళు పోస్తే నాజిల్ పూడిపోతుంది, ఆర్వో నీళ్ళు పొయ్యండి.

మార్చేటప్పుడు బ్లేడు ఊడదీసిన చెయ్యి కింద మడతపెట్టిన తువ్వాలు వెయ్యండి. స్ప్రింగు లాక్కుని ఉత్త ఇనుము ఠపీమని పడితే అద్దం పగులుతుంది, రెండు వందల పని వేలల్లోకి పోతుంది. కొత్త రబ్బరు మీద ప్లాస్టిక్ తొడుగుంటే లాగేయాలి, దాంతోనే తిప్పి "ఇది తుడవడంలా" అనేవాళ్ళూ ఉన్నారు. ఇంకోటి, బ్లేడ్లు ఎండాకాలంలో కొని బిగిస్తే వాన చూడకముందే రోహిణి కార్తెలో కాలిపోతాయి. మన నెల్లూరు వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కాబట్టి సెప్టెంబరు ఆఖర్లో కొంటే సరి.

వెనక అద్దం బ్లేడు సంగతి అడగొద్దు. మూడు అంగళ్ళలోనూ "అది రాదన్నా, ఆర్డరు పెట్టాల" అన్నారు. పెట్టొచ్చులే.